చలి నీటి ఈతకు థర్మల్ వెట్‌సూట్: కొనాలా, ఉన్నదానితో సరిపెట్టుకోవాలా?

వెట్‌సూట్ అంటే చన్నీళ్లలో వెచ్చగా ఉండటానికి వేసుకునే, ఒంటికి అతుక్కునే నియోప్రీన్ (నురుగులాంటి రబ్బరు) తొడుగు. మామూలు ఈత వెట్‌సూట్‌కీ థర్మల్ వెట్‌సూట్‌కీ పైకి పెద్ద తేడా కనిపించదు, తేడా లోపలి అస్తరులో ఉంది. థర్మల్ రకంలో ఛాతీకీ వీపుకీ నూగులాంటి గుడ్డ అతికించి ఉంటుంది. నియోప్రీన్ మందం రెంటిలోనూ ఇంచుమించు ఒకటే: ఒంటికి 3 నుంచి 5 మిల్లీమీటర్లు, భుజాలకీ చేతులకీ 1.5 నుంచి 2.

ఎండలు వచ్చినా సరస్సు వెంటనే వేడెక్కదు. గట్టు పక్కన మోకాలి లోతు నీళ్లను నమ్మకండి, నడిమికి వెళ్లేసరికి రెండు మూడు డిగ్రీలు తగ్గిపోవచ్చు. 10 నుంచి 14 డిగ్రీల నీటిలో ఈ అస్తరు విలువ తెలుస్తుంది. 18 దాటితే మాత్రం లోపల ఉడుకుతుంది.

కొనేటప్పుడు అస్తరు కంటే ముందు మెడ చూడాలి. కాలరు వదులైతే ఊపిరికి తల తిప్పిన ప్రతిసారీ చన్నీళ్లు వెన్ను మీదుగా జారతాయి, అప్పుడు ఎంత మంచి అస్తరున్నా వృథా. మరీ బిగుతైతే, అసలే ఊపిరి అందని మొదటి నిమిషంలో గొంతు నొక్కినట్టుంటుంది. ఆ తర్వాత చూడాల్సింది గజ్జలు. అక్కడ ఖాళీ మిగిలితే సూట్ భుజాలను కిందికి లాగుతుంది, ప్రతి బారకీ దానితో కుస్తీయే. అందుకే తొడుక్కునేటప్పుడు తొందరపడకూడదు. పాదానికి ప్లాస్టిక్ సంచి వేసుకుని కాళ్లు దూర్చి, గజ్జల దాకా పూర్తిగా పైకి జరిపాకే చేతులు తొడగాలి. గోళ్లతో పట్టి లాగితే నెలవంక ఆకారంలో చీలుతుంది. వేళ్ల కండతోనే పట్టుకోవాలి. చిన్న చీలికైతే రెండు అంచులకీ నియోప్రీన్ జిగురు పల్చగా రాసి, కాస్త ఆరనిచ్చి, జిగటగా ఉన్నప్పుడు అదిమితే అతుక్కుంటుంది. మెడ ఒరుసుకోకుండా పెట్రోలియం జెల్లీ వద్దు, వెట్‌సూట్‌లకని అమ్మే లూబ్రికెంటే మేలు.

చేతుల్లో కూడా అస్తరు వేసిన సూట్లు దొరుకుతాయి. వెచ్చగానే ఉంటాయి గానీ భుజం తిరగడం బరువవుతుంది. దూరం ఈదేవాళ్లకి అవి సిఫారసు చేయలేం.

ఏ సూటూ ఆపలేనిది మొదటి ఎగశ్వాస. ముఖం నీళ్లకు తగలగానే చలి ఊపిరిని లాగేస్తుంది. నడుం లోతులో నిలబడి, ముఖం మీద నీళ్లు చల్లుకుంటూ, ఊపిరి కుదుటపడేదాకా రెండు మూడు నిమిషాలు ఆగాలి. కాలరు కొద్దిగా లాగి కాసిని నీళ్లు పోనిచ్చి, మెడ దాకా కూర్చుంటే లోపల చిక్కిన గాలి బయటికి పోతుంది.

ఇంకో చిక్కు: ఒళ్లు వెచ్చగా ఉండటంతో చేతుల సంగతి మరిచిపోతారు. వేళ్లు కొంకర్లు పోయి దగ్గరికి చేర్చలేని స్థితి వచ్చిందంటే, ఒంట్లో వణుకు లేకపోయినా గట్టుకు తిరగాల్సిందే. 3 మిల్లీమీటర్ల గ్లవ్స్, సాక్స్, గడ్డం కింద పట్టీ ఉన్న నియోప్రీన్ టోపీ ఇందుకే. గ్లవ్ అంచు స్లీవ్ కిందికి పోవాలి, పైనుంటే సంచిలా నీళ్లు నిండుతుంది. చెవిలో చన్నీళ్లు పడి తల తిరిగేవాళ్లకి ఇయర్ ప్లగ్స్ కూడా కావాలి.

థర్మల్ సూట్ మీద అసలు ఫిర్యాదు బయటికి వచ్చాక మొదలవుతుంది. ఈత ఆపిన తర్వాత కూడా 10 నుంచి 30 నిమిషాల పాటు ఒంటి లోపలి వేడి పడిపోతూనే ఉంటుంది. సరిగ్గా అప్పుడే, మొద్దుబారిన వేళ్లతో, తడిసి ఒంటిని కరుచుకున్న అస్తరును ఒలుచుకోవాలి. జిప్పు తాడు పొడుగ్గా ఉన్న మోడల్ ఎంచుకోండి, లాగడానికి ఒక మనిషి తోడుంటే ఇంకా మంచిది. ఆరడం కూడా ఆలస్యమే. మర్నాడు పొద్దున్నే ఈత ఉంటే తడి సూట్‌లోకి దూరక తప్పదు. మంచినీళ్లలో జాడించి, తిరగేసి, నడుం దగ్గర మడిచి లావుపాటి దండెం మీద నీడన వేయాలి. భుజాలతో వేలాడదీస్తే సాగిపోతుంది.

ఒంటికి అతికినట్టున్న మామూలు సూట్ ఇప్పటికే ఉంటే ముందు టోపీ, గ్లవ్స్ కొనండి. వాటితోనూ వీపు చల్లబడుతోందంటేనే థర్మల్ గురించి ఆలోచించవచ్చు.