పాత హార్మణీపెట్టె: నాలుగేళ్లు పిల్లల చేతుల్లో నలిగాక

హార్మోనియం అని పుస్తకాల్లో రాస్తారు గానీ, మా వైపు పద్యనాటకాల వాళ్లంతా హార్మణీ అనే అంటారు. నాకూ అదే అలవాటు. 2021 చివర్లో, కందుకూరు వైపు ఒక పల్లెలో, వయసు మళ్లి నాటకాలు మానుకున్న ఒక పెద్దాయన దగ్గర 6,500 రూపాయలకు కొన్నాను. మూడు స్థాయిల మెట్లు (వేళ్లతో నొక్కేవి), రెండు వరసల రీడ్లు (లోపల మోగే ఇత్తడి నాలుకలు), వెనక చేత్తో కొట్టే తిత్తి, ముందు తొమ్మిది గుండీలు ఉన్నాయి. ఆ గుండీల్లో రెండు ఉత్తుత్తివి, అందానికి పెట్టినవి. పాడుకోవడానికి కొన్నది కాదు, ట్యూషన్ పిల్లలకు ధ్వని పాఠం చెప్పడానికి. నాకు సరళీ స్వరాలు దాటి రావు.

కావలిలో మా వరండాలో సాయంత్రం పూట ట్యూషన్ చెప్తాను. ఆరు నుంచి పది దాకా, సైన్సు, లెక్కలు. ధ్వని పాఠం వచ్చిందంటే నాకు టెన్షన్. ‘కంపించే వస్తువు ధ్వనిని పుట్టిస్తుంది’ అని పిల్లలు అప్పజెప్తారు, పరీక్షలో రాస్తారు, మార్కులూ పడతాయి. కంపించడం అంటే ఏందిరా అని అడిగితే ‘వైబ్రేషన్ మేడం’ అంటారు.

దీనికి ముందు ఒక బొమ్మ కీబోర్డు వాడాను. బ్యాటరీలతో పనిచేసేది, 1,200 రూపాయలది. ఆరో తరగతి పిల్లాడొకడు దాన్ని తిరగేసి చూసి, ‘శబ్దం యాడ్నుంచి వస్తా ఉంది మేడం?’ అన్నాడు. స్క్రూలు విప్పి చూపించాను. లోపల ఆకుపచ్చ బోర్డు, నల్లటి చుక్కంత చిప్పు, చిన్న స్పీకరు. ‘ఈ చిప్పు చేస్తుంది’ అన్నాను. వాడు తలూపి ఊరుకున్నాడు. పిల్లాడు తలూపి ఊరుకున్నాడంటే ఇక అడగడం మానేశాడని అర్థం. ఆ కీబోర్డు ఇప్పుడు మా అటక మీద ఉంది.

హార్మణీ అలా కాదు. పై మూత తీసి మెట్టు నొక్కితే దాని వెనక చివర పైకి లేస్తుంది, కింద ఒక రంధ్రం తెరుచుకుంటుంది. ఆ రంధ్రం కింద ఇత్తడి పలక, పలకలో సన్నటి చీలిక, చీలిక మీద ఒక కొస మాత్రమే బిగించిన ఇత్తడి నాలుక ఉంటాయి. దాన్నే రీడు అంటారు. తిత్తి తోసిన గాలికి బయటికి వెళ్లే దారి ఆ చీలిక ఒక్కటే. నాలుక అటూ ఇటూ ఊగుతూ ఆ దారిని మూస్తూ తెరుస్తూ ఉంటుంది. గాలి ముక్కలు ముక్కలుగా బయటపడుతుంది. మనకు వినిపించేది ఆ ముక్కల వరస.

నాలుక ఊగితే చాలు, శబ్దం దానంతట అదే వస్తుందని నేనూ అనుకునేదాన్ని. పెద్దాయన ఒక పాడైన రీడు ఇచ్చి, ‘గోటితో మీటి చూడమ్మా’ అన్నాడు. మీటితే చెవి దగ్గర పెట్టుకుంటే తప్ప వినపడనంత సన్నగా టింగుమంది. అదే రీడును పెదాల మధ్య పెట్టుకుని ఊదితే గదంతా మోగింది. ఈ ఒక్క పని ఏ తరగతి పిల్లలతో చేయించినా వాళ్లే చెప్తారు, ‘గాలి కదా మేడం అరుస్తా ఉంది’ అని. (ఊదిన రీడును తుడిచి పెట్టండి. ఉమ్మి తడికి ఇత్తడి చిలుము పడుతుంది.)

ఇంకో చిక్కు మన భాషలోనే ఉంది. ‘గట్టిగా పాడు’ అంటే పెద్దగా అనీ అనుకోవచ్చు, పై స్థాయిలో అనీ అనుకోవచ్చు. పుస్తకంలో తీవ్రత, కీచుదనం అని రెండు మాటలున్నా, పిల్లల బుర్రలో రెండూ ఒకటే. హార్మణీ మీద ఇది నిమిషంలో తేలిపోతుంది. ఒకే మెట్టు నొక్కి ఉంచి తిత్తి మెల్లగా కొట్టు, తర్వాత బలంగా కొట్టు. మోత పెరిగింది, స్వరం దాదాపు అక్కడే ఉంది. ఇప్పుడు తిత్తి ఒకే తీరుగా కొడుతూ పక్క మెట్టుకు పో. మోత అంతే, స్వరం మారింది. చెయ్యి ఒక పని చేస్తుంది, వేళ్లు ఇంకో పని. ఆ తర్వాత ఆ రెండు మాటల్నీ ఎవరూ కలిపెయ్యలేదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది చక్రవడ్డీ లెక్క. ఒక్కో మెట్టు, తెలుపూ నలుపూ అన్నీ లెక్కేసుకుంటూ ఎక్కితే, రీడు సెకనుకు ఊగే సంఖ్య దాదాపు నూటికి ఆరు చొప్పున పెరుగుతుంది. పన్నెండు మెట్లెక్కితే కింది షడ్జమం నుంచి పై షడ్జమానికి చేరతాం, సంఖ్య రెట్టింపవుతుంది. నూటికి ఆరు చొప్పున చక్రవడ్డీ వేస్తే అసలు ఎన్నేళ్లకు రెట్టింపవుతుందో పిల్లల చేత కట్టించాను. పన్నెండేళ్లు. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి పెన్ను కింద పెట్టి, ‘అందుకా మేడం పన్నెండు స్వరస్థానాలు!’ అంది. అందుకే అని చెప్పలేం గానీ ఆ ముఖం చూసి కాదని చెప్పబుద్ధి కాలేదు. (మా వీధిలో అప్పు నెలకు నూటికి రెండు రూపాయలు, అంటే ఏడాదికి ఇరవై నాలుగు. ఆ వడ్డీకి మెట్లు కట్టిస్తే నాలుగో మెట్టు దాటకముందే పై షడ్జమం వచ్చేస్తుంది.)

ఇక లోపాలు. ఏడాదిన్నరకు మధ్య స్థాయిలో ఒక మెట్టు చెడింది. ఐదో శ్రుతి మెట్టు. నొక్కితే స్వరం నిలకడగా రాకుండా ‘వొంయ్... వొంయ్... వొంయ్’ అని తేలిపోతూ వచ్చేది. టౌన్లో బాగుచేసే షాపు ఒకటుంటే ఇచ్చాను. రెండు నెలలు పెట్టుకుని, 1,800 తీసుకుని, మెట్ల మీద పాలిష్ వేసి ఇచ్చారు. వొంయ్ వొంయ్ అలాగే ఉంది. అడిగితే ‘పాత మాలు కదండీ’ అన్నారు.

తిట్టుకుంటూ ఇంటికి తెచ్చాను గానీ, ఆ చెడిన మెట్టే ఆ ఏడాది నా మంచి పాఠం అయింది. మెట్టు నొక్కితే రెండు రీడ్లు ఒకేసారి మోగుతాయి. ఒకటి కింది స్థాయిది, ఇంకోటి దానికి సరిగ్గా రెట్టింపు వేగంతో ఊగాల్సినది. ఐదో శ్రుతికి ఆ లెక్క సెకనుకు 196, 392. పిల్లలు వాచీ పెట్టుకుని పది సెకన్లలో ఎన్ని వొంయ్‌లు వస్తున్నాయో లెక్కపెట్టారు. ముప్పై. అంటే సెకనుకు మూడు. ఫోన్లో శ్రుతి కొలిచే యాప్ పెట్టి రీడ్లను విడివిడిగా మోగిస్తే, కిందిది 196 దగ్గరే ఉంది, పైది 389 చూపించింది. 196 రీడు మోతలో దాని రెట్టింపు 392 కూడా సన్నగా కలిసి ఉంటుంది. అందులో నుంచి 389 తీసేస్తే మూడు. చెవితో లెక్కపెట్టిన మూడూ, యాప్ చూపించిన మూడూ ఒకటే కావడం చూసి పిల్లలు కాసేపు నోరు మెదపలేదు. రెండు ఊపులు కలిసినప్పుడు మోత పెరుగుతుంది, ఎదురెదురు పడినప్పుడు తగ్గుతుంది, తేడా ఎంతో అన్నిసార్లు. దీన్నే పుస్తకంలో విస్పందనాలు అంటారు, ఆ మాట వీళ్లకు ఇంటర్లో గాని రాదు.

చివరికి పెట్టెను బస్సులో పెట్టుకుని పెద్దాయన దగ్గరికే పోయాను. మా అమ్మాయి, ట్యూషన్ పిల్లలిద్దరు తోడు వచ్చారు. ఆయన రీడు కింద సన్నటి రేకు దోపి, బ్లేడుతో కొస దగ్గర నాలుగు గీతలు గీకాడు. ‘కొస గీకితే పైకి పోద్ది, మొదట్లో గీకితే కిందికి దిగద్ది’ అన్నాడు. ‘ఎందుకు తాతా?’ అంది మా అమ్మాయి. ఆయన కాసేపు ఆలోచించి, ‘కొస బరువు తగ్గితే తేలిగ్గా ఊగుద్ది. మొదట్లో గీకితే పట్టు సడలుద్ది. ముసలాడి నడుం మాదిరి’ అన్నాడు. నేను బోర్డు మీద ద్రవ్యరాశి, స్థితిస్థాపకత అని రాసి చెప్పినా ఇంతకన్నా బాగా వచ్చేది కాదు. డబ్బులు తీసుకోనన్నాడు. టీ పొడి పొట్లం ఇచ్చి వచ్చాం.

రైలు సంగతి చెప్పకుండా ఉండలేను. కావలి మద్రాసు మెయిన్ లైను మీద ఉంది. ఆగకుండా పోయే ఎక్స్‌ప్రెస్‌లు చాలానే ఉంటాయి. హారన్ కొట్టుకుంటూ వచ్చిన రైలు మనల్ని దాటగానే ఆ కూత గొంతు దిగిపోతుంది. ఎంత దిగుతుంది? ఇది పిల్లలడిగిన ప్రశ్నే. ప్లాట్‌ఫారం మీద గోడవారగా బెంచీ మీద కూర్చుని ఫోన్లో రికార్డు చేశాం. ఇంటికొచ్చి ఆ రికార్డును ముక్కముక్కగా వింటూ హార్మణీ మీద వెతికాం. హారన్‌లో రెండు స్వరాలు కలిసి ఉంటాయి కాబట్టి మొదట గందరగోళం. పైదాన్నే పట్టుకోండి అన్నాక దారికి వచ్చింది. రైలు వచ్చేటప్పటికీ పోయేటప్పటికీ మధ్య తేడా మూడు మెట్లు.

శబ్దం వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు అనుకుని లెక్క కడితే, ఒక మెట్టు దిగిందంటే రైలు గంటకు దాదాపు 35 కిలోమీటర్లు, రెండు మెట్లకు 70, మూడు మెట్లకు 106. పదో తరగతి పిల్లలకు ఆ లెక్క నేనే చేసి చూపించాను. చిన్నవాళ్లకు ‘మెట్టుకు ముప్పై అయిదు’ అని చెప్పి వదిలేశాను. ఒకడు నమ్మలేదు. వాడు పెట్టెలు లెక్కపెట్టాడట, 22. ఒక్కోటి సుమారు 24 మీటర్లు, ఇంజనుతో కలిపి 550 మీటర్ల రైలు. రికార్డులో చూస్తే మా ముందు నుంచి పోవడానికి 18 సెకన్లు పట్టింది. అంటే గంటకు 110. హార్మణీ 106 చెప్పింది. నాలుగు కిలోమీటర్ల తేడా ఎవరి తప్పని వారం రోజులు వాదించుకున్నారు.

ఎందుకలా దిగుతుందని చిన్నవాళ్లకు చెప్పడానికి మాత్రం హార్మణీ పనికిరాలేదు. తుమ్మలపెంట బీచికి తీసుకుపోయాక అర్థమైంది. అలలకు ఎదురు నడిస్తే కాళ్లకు ఎక్కువ అలలు తగులుతాయి, ఒడ్డువైపు తిరిగి నడిస్తే తక్కువ. రైలు కదలడానికీ మనం కదలడానికీ లెక్కలో కొంచెం తేడా ఉన్నా, పట్టు దొరకడానికి అది చాలు.

అన్నిటికీ మెట్టు దొరకదని కూడా ఈ పెట్టే నేర్పింది. ఒకసారి రాకెట్ చూడటానికి సూళ్లూరుపేట పోయాం. అది మన నెల్లూరు జిల్లాలోనే ఉండేది, 2022లో తిరుపతి జిల్లాలో కలిసింది. శ్రీహరికోట అక్కడికి సుమారు 20 కిలోమీటర్లు. మంట కనపడ్డాక నిమిషానికి గాని ఉరుము రాలేదు. ఇంటికొచ్చి ఆ రికార్డుకు మెట్టు వెతికితే ఏ మెట్టూ సరిపోలేదు, అన్ని మెట్లూ కాస్త కాస్త సరిపోయినట్టే ఉన్నాయి. ఒక స్వరం మీద నిలిచే నాదానికీ, అలా నిలవని రొదకీ తేడా ఏందో అప్పుడు చెప్పడం తేలికైంది.

వాతావరణం దీనికి శత్రువు. మనకు వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, ఆ మూడు నెలలూ చెక్క ఉబ్బి మెట్లు ఇరుక్కుంటాయి. నొక్కింది పైకి రాదు, తిత్తి కొడితే అదే కూస్తూ ఉంటుంది. రోహిణీ కార్తెలో చెక్క ఎండి, అతుకుల దగ్గర గాలి పోతుంది. ఒక ఏడాది ఎలుక తిత్తి మూల కొరికింది. సైకిల్ ట్యూబు ముక్క అంటించాను, ఇప్పటికీ ఆగింది. బరువు తొమ్మిది కిలోలు. నడుం నొప్పి ఉన్నవాళ్లు ఆలోచించుకోండి.

సంగీతం నేర్పడానికి మాత్రం నేను దీన్ని సిఫారసు చెయ్యను. మా అమ్మాయి కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది. వాళ్ల టీచరు గారు మొదటి రోజే అన్నారు, ‘ఆ పెట్టె పెట్టుకుని సాధన చెయ్యొద్దమ్మా, గమకం పోద్ది’ అని. కోపం వచ్చింది గానీ ఆవిడ చెప్పింది నిజమే. గమకం అంటే స్వరాన్ని ఊపుతూ పాడటం, మెట్టుకీ మెట్టుకీ మధ్య దీనికి దారి లేదు. తోడి రాగంలో గాంధారం ఒకచోట నిలబడదు, ఊగుతుంది. హార్మణీ మీద దాన్ని నొక్కితే ఇస్త్రీ చేసినట్టు చదునుగా వస్తుంది. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియంను దూరం పెట్టి, 1971 దాకా రానివ్వకపోవడానికి చెప్పిన కారణాల్లో ఇదీ ఒకటి. పారిస్‌లో 1842లో పేటెంటు తీసుకున్న పెట్టె, మన రాగం కోసం చేసింది కాదు కదా. మా అమ్మాయి ఇప్పుడు తంబూర యాప్‌తో పాడుకుంటుంది. హార్మణీ మూత తీయడానికి మాత్రం అందరికన్నా ముందుంటుంది.

ఒకే స్వరం హార్మణీలో ఒకలా, వేణువులో ఒకలా, మన నెల్లూరు బాలు గొంతులో ఇంకోలా ఎందుకుంటుందని అడిగితే ఈ పెట్టె సగం జవాబే చెప్తుంది. రెండో వరస రీడ్ల గుండీ లాగి, మూసి, స్వరం రంగు మారడం చూపించవచ్చు. అంతకు మించి చెప్పాలంటే ఫోన్లో శబ్దాన్ని గీతలుగా చూపించే యాప్ పెట్టుకోక తప్పదు.

కొనాలనుకునేవాళ్లు పాతదే కొనండి, మూత స్క్రూలు సులువుగా వచ్చేది చూసుకోండి. గుండీలన్నీ మూసి తిత్తి నిండా గాలి కొట్టి చెయ్యి వదిలెయ్యండి. బుస్సున కారిపోతే వద్దు, కాసేపు బిగిసి నిలబడితే తీసుకోవచ్చు. తర్వాత ఒక్కో మెట్టూ నొక్కి, పది లెక్కపెట్టేదాకా వినండి. ఒకటీ అరా వొంయ్ వొంయ్ అంటే బేరం తగ్గించండి గానీ, ఆ మెట్టును మాత్రం వెంటనే బాగు చేయించకండి. ముందు పిల్లల చేతికి వాచీ ఇవ్వండి.