వెనక సీటు నుంచి శ్రీకాకుళం

శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డున ఒక రిసార్ట్ వాళ్లు మా డిపాజిట్‌లోంచి 500 రూపాయలు కోసేశారు. అద్దెకు తీసుకున్న సైకిల్ చైన్ పాడు చేశామట. ఆ చైన్ మా చేతికి వచ్చేటప్పటికే కిందికి వేలాడుతోంది. రిసార్ట్ పేరు రాయను గానీ, ఆ సైకిల్ ఎలాంటిదో మాత్రం రాయకుండా ఉండలేను. టాండెమ్, అంటే ఇద్దరు తొక్కే సైకిల్, కొందామనుకుంటున్న మొగుడూ పెళ్లాలకు కాస్త పనికొస్తుంది.

మాది విజయనగరం. సెలవు రోజుల్లో పొద్దున్నే చెరో సైకిల్ మీద నెల్లిమర్ల దాటి రామతీర్థం దాకా వెళ్లొస్తుంటాం. కలిసి వెళ్తామనడం మాటవరసకే. మావారు అక్కడ రెండో టీ తాగుతుండగా నేను చెమటలు కక్కుతూ దిగుతాను. నా కోసం ఆగి ఆగి తొక్కితే ఆయనకు విసుగు, ఆయన వెనకాల తరిమి తొక్కితే నాకు ఆయాసం. టాండెమ్ మీద ఈ గొడవ ఉండదు. ఎవరి శక్తి కొద్దీ వాళ్లు తొక్కినా చేరేది ఇద్దరూ ఒకేసారి. శ్రీకాకుళంలో రిటైరైన దంపతులు ఒకరు తమ టాండెమ్ అమ్ముతున్నారని తెలిసింది. దాన్ని చూసేలోపు, అసలు మాకు కుదురుతుందో లేదో తేల్చుకుందామని ముందు ఒకటి అద్దెకు మాట్లాడుకుని బయల్దేరాం.

ఫోన్‌లో రిసార్ట్ కుర్రాడు ‘గేర్ల సైకిల్ మేడమ్, రోజుకు 600’ అన్నాడు. వెళ్లేసరికి శనివారం కాబట్టి 900 అయింది. గేర్లు లేవు. డిపాజిట్ 2,000 నగదే ఇవ్వాలన్నారు, రసీదు ఇవ్వరు. కాటేజీ 2,800. బాత్రూంలో గీజర్ ఉంది, వేడినీళ్లు మాత్రం రావు. అడిగితే ‘బీచ్‌కి వచ్చి వేడినీళ్లేంటి మేడమ్’ అన్నాడు రిసెప్షన్‌లో అబ్బాయి, ఎంతో ధీమాగా. ఉప్మా బాగుందని మాత్రం ఒప్పుకోవాలి.

సైకిల్ పాత స్టీలు బండి, పాతిక కిలోలకు తక్కువుండదు. రెండు సీట్ల మధ్య జాగా ఎంత తక్కువంటే నా ముక్కు ఆయన వీపుకు ఆనుతోంది. వెనక హ్యాండిల్‌ను ముందు సీటు కింది గొట్టానికి బిగిస్తారు, టాండెమ్‌లన్నిటికీ అంతే. కానీ దీనికి ఆ గొట్టం క్లాంపే వదులు. నేను హ్యాండిల్ కాస్త గట్టిగా లాగితే ఆయన సీటు పక్కకు తిరిగిపోయేది. ‘నన్నెందుకు తిప్పుతున్నావు?’ అని ఆయన. ‘పట్టుకోడానికి నాకింకేముంది?’ అని నేను.

బ్రేకులు రిమ్మును నొక్కే రబ్బరు ముక్కలు, అవీ అరిగిపోయినవి. బండితో కలిపి మా బరువు నూట అరవై కిలోల పైమాటే. టాండెమ్ పల్లంలో మామూలు సైకిల్ కంటే చాలా జోరుగా దిగుతుంది. బరువు ఇద్దరిది, గాలి ఆపేది మాత్రం దాదాపు ముందు మనిషినొక్కడినే. ఎత్తు ఎక్కేటప్పుడు ఆ జోరంతా పోతుంది, అది వేరే సంగతి. ఒక చిన్న వంతెన దిగేటప్పుడు మావారు రెండు బ్రేకులూ పట్టేసినా బండి తన దారిన తను పోయింది. గేదెలు తప్పుకున్నాయి కాబట్టి సరిపోయింది.

వీటన్నిటి కంటే పెద్ద బాధ ఒకటుంది. వెనక కూర్చున్నవాళ్లకు రోడ్డు కనిపించదు. ముందువాళ్లు ‘గుంత’ అని ముందే అరవాలి, తొక్కడం ఆపేటప్పుడు చెప్పాలి, బ్రేకు వేసేటప్పుడు చెప్పాలి. మావారు గుంత దాటాక చెప్పేవారు. శ్రీకూర్మం చేరేసరికి నేను మాట్లాడటం మానేశాను. పడమటి ముఖంగా ఉన్న గుడి, రెండు ధ్వజస్తంభాలు, అన్నీ ఇదివరకు చూసినవే. అక్కడి తాబేళ్లను చూపించి ‘మన స్పీడే’ అన్నారు ఆయన. నేను నవ్వలేదు.

గార వైపు వెళ్తుంటే ఎడమ పక్క చైన్ ఊడింది. టాండెమ్‌కు రెండు చైన్లుంటాయి. కుడి పక్కది మామూలుగానే వెనక చక్రానికి వెళ్తుంది. ఎడమ పక్కది ముందు పెడళ్లనూ వెనక పెడళ్లనూ కలుపుతుంది, దాన్ని టైమింగ్ చైన్ అంటారు. మావారు గబగబా దాన్ని తగిలించేశారు. ఎక్కి చూస్తే ఆయన పెడల్ కింద ఉంటే నాది ఎటో ఉంది. కావాలనే అలా తేడా పెట్టుకుని తొక్కేవాళ్లూ ఉన్నారు. కొత్తవాళ్లకు మాత్రం రెండు జతలూ ఒకేలా తిరగడమే మేలు, లేకపోతే బయల్దేరేటప్పుడే తూలిపోతాం.

గారలో రోడ్డు పక్క చెట్టు కింద సైకిళ్లు బాగుచేసే పెద్దాయన కనిపించాడు. ఇలాంటి బండి ఎప్పుడూ ముట్టుకోలేదట. దాని చుట్టూ ఒకసారి తిరిగి, ఇద్దరి పెడళ్లనూ ఒకేలా కిందికి దించి, వేలాడే చైన్‌లోంచి ఒక లింకు తీసి మళ్లీ వేశాడు. అంతే, బండి దారిలో పడింది. అడక్కుండానే ఆ సీటు గొట్టం కూడా బిగించాడు. 60 రూపాయలు తీసుకున్నాడు, బిగించినదానికి వద్దన్నాడు. తర్వాత మావారిని పక్కనబెట్టి నాతో అన్నాడు: ‘ముందు కూకున్నోరికి బెల్లుంది, బ్రేకుంది, దారి అగుపడతాది. ఎనక కూకున్నోరికి ఏటుందమ్మా?’

ఈ ప్రయాణంలో నాకు మిగిలిన ముక్క అదే. మేం చదివిన సలహాలన్నీ ముందువాడి ఎత్తు, ముందువాడి చేతులు, ఫ్రేమ్ రంగు గురించే.

ఆ పెద్దాయన చూపించిన అంబలి బండి దగ్గర చోడి (రాగి) అంబలి తాగాం, గ్లాసు 15 రూపాయలు. బండి దగ్గరావిడ మజ్జిగ కలిపి, నంజుకోడానికి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ ఇచ్చింది. ఎండ ఎక్కాక సైకిల్ మీద వెళ్లేవాళ్లకు కూల్ డ్రింకులు దండగ, ఇది తాగండి. నేను రెండు గ్లాసులు తాగాక మావారితో మళ్లీ మాట్లాడాను. శాలిహుండం కొండ కింద సైకిల్‌కు తాళం వేసి, మెట్లెక్కి స్తూపాల మధ్య కూర్చున్నాం. 1919లో గిడుగు రామమూర్తి గారు వెలుగులోకి తెచ్చిన చోటు. కింద వంశధార. వచ్చేటప్పుడు ఎదురుగాలి, అయినా ఇద్దరం కలిసి తొక్కితే అంత కష్టమనిపించలేదు. నాకు గాలి తగలనే లేదు, ఆ సుఖం ఒక్కటీ వెనక సీటుదే.

రిసార్ట్‌కు తిరిగివచ్చాక మేనేజరు చైన్ చూసి ‘లింకు తీయించారు కదా, అంటే ముట్టుకున్నట్టే కదా’ అని 500 కోశాడు. వదులు చైన్ బాగుచేయించి ఇచ్చినందుకు జరిమానా! మావారు పోనీలే అన్నారు. నేను పోనివ్వలేదు, అరగంట వాదించాను, డబ్బు రాలేదు. మీరెవరైనా ఇలా అద్దెకు తీసుకుంటే బండి ఎక్కేముందు చైన్‌నూ బ్రేకులనూ ఫోన్‌లో వీడియో తీసుకోండి.

మర్నాడు ఊళ్లోకి మారిపోయాం. ఏడు రోడ్ల కూడలికి దగ్గరలో లాడ్జి, 1,300 రూపాయలు, వేడినీళ్లతో సహా. టాండెమ్ పొడవు దాదాపు ఎనిమిది అడుగులు. లిఫ్టులో పట్టదు, మెట్ల మలుపు తిరగదు. అందుకని గది కింది అంతస్తులోనే, తిన్నగా ఉన్న వరండా మీద కావాలని అడిగాం. మేనేజరు ‘సైకిల్‌కి మంచం వెయ్యాలా?’ అని నవ్వి, గది ముందే పెట్టుకోనిచ్చాడు.

ఇక ఆ దంపతుల సైకిల్. అమ్మగారికి మోకాళ్ల నొప్పులు, అందుకే అమ్ముతున్నారు. డిపాజిట్ మాటెత్తకుండా ‘ఒక రోజు దగ్గరుంచుకుని తొక్కండి, అప్పుడు మాట్లాడదాం’ అన్నారు. అల్యూమినియం ఫ్రేమ్, పద్దెనిమిది కిలోలు. డిస్క్ బ్రేకులు. వెనక చక్రానికి 40 స్పోకులు, ఇద్దరి బరువుకు స్పోకులు ఎక్కువుంటేనే మంచిది. వెనక హ్యాండిల్ నాకు కావలసినంత ముందుకూ వెనక్కూ జరుగుతుంది, వెనక సీటు కింద స్ప్రింగు ఉంది. ముందు పెడళ్ల ఇరుసు కూర్చున్న గూడును తిప్పితే చాలు, ఇరుసు జరిగి టైమింగ్ చైన్ బిగుస్తుంది, లింకు తీయక్కర్లేదు. మావారు ఇవేవీ చూడకుండా గేర్లు లెక్కపెడుతున్నారు.

ఎక్కడం నేర్పింది అమ్మగారే. ‘బాబూ, నువ్వు ముందు చక్రం మీద ధ్యాస పెట్టు. బ్రేకులు రెండూ పట్టుకుని కాళ్లు ఎడంగా పెట్టి నిలబడు. అమ్మాయి ఎక్కి, రెండు పాదాలూ పెడళ్ల మీద పెట్టి, సరే అన్నాక కదులు. అనకపోతే కదలకు.’ మావారు బుద్ధిమంతుడిలా తలూపారు. నేను చెబితే ఊపరు. అరసవల్లి వెళ్లి దర్శనం చేసుకుని హాయిగా తిరిగొచ్చాం.

58,000 చెప్పారు. విశాఖలో ఒక షాపులో గేర్లు లేని కొత్త స్టీలు టాండెమ్ 24,000కే ఉంది, మావారి మనసు మధ్యమధ్యలో అటు లాగింది. ఊళ్లో చదును రోడ్ల మీద సాయంత్రం షికారుకైతే అదీ సరిపోతుంది. ఊరు దాటి మెట్టలూ పల్లాలూ తొక్కాలంటే గేర్లూ, మంచి బ్రేకులూ లేకుండా కొనకండి. అంతకంటే ముఖ్యం, షాపు ముందు ఒక చుట్టు తిరిగి నిర్ణయించకండి. వెనక కూర్చునే మనిషి ఇరవై కిలోమీటర్లు తొక్కి దిగాక, నడుమూ మెడా ఎలా ఉన్నాయో అడిగి అప్పుడు డబ్బులు తీయండి. ఎత్తు తక్కువున్న ఆడవాళ్లు వెనక సీటు కిందికి ఎంతవరకు దిగుతుందో కూడా చూసుకోవాలి, కొన్నిటికి అది అంత కిందికి దిగదు.

55,000కు కుదిరింది. పంపు, రెండు ట్యూబులు, విడి స్పోకులు ఉచితంగా ఇచ్చారు. అక్కడే 120 పెట్టి వెనక హ్యాండిల్‌కు నేనొక బెల్లు కొనిపెట్టించాను. ‘వెనక బెల్లెందుకు?’ అన్నారు మావారు. ‘గుంత దాటాక మోగించడానికి’ అన్నాను.

విజయనగరానికి గూడ్స్ ఆటోకు 1,900 అయింది. దారంతా మావారు వెనక సైకిల్ పట్టుకుని కూర్చున్నారు, దిగేసరికి నడుం పట్టేసింది. వెనక టైరు సన్నంగా ఉంది, మా రోడ్లకు ఇంకాస్త వెడల్పుది కావాలి. మళ్లీ ఖర్చా అంటున్నారు. అయినా వచ్చే నెల మార్పిస్తాను.