స్నేహానికి ఎవరు మేలు: పీటర్ పానా, బేతాళుడా?

చావూ ముసలితనమూ అంటనివాడితో స్నేహం చేయాల్సి వస్తే, ఎగరడం నేర్పే పిల్లాడు మేలా, చెట్టుకు వేలాడే శవంలో కాపురమున్న బేతాళుడు మేలా? పైకి చూస్తే ఇది అడగాల్సిన ప్రశ్నే కాదు. మొదటివాడు పీటర్ పాన్. 1904లో నాటకంగా, 1911లో నవలగా వచ్చిన జె. ఎం. బారీ సృష్టి. రెండోవాడు 11వ శతాబ్దపు కథాసరిత్సాగరంలోనే మకాం వేసినవాడు.

పీటర్ నవలలో ఒక చోట మొదటిసారి నవ్వొచ్చింది, రెండోసారి చదివితే ఒళ్లు జలదరించింది. ఎగురుతూ ఎగురుతూ పిల్లలు కునుకు తీస్తారు, రాయిలా కిందికి పడిపోతారు. పీటర్‌కు అదో సరదా. సముద్రంలో పడబోయే క్షణంలో రివ్వున దిగి పట్టుకుంటాడు. అందులో అతనికి నచ్చేది తన నేర్పే గానీ, పిల్లాడి ప్రాణం దక్కడం కాదు. మరి ఈ ఆట మీద విసుగు పుడితే? అదీ టెన్షన్. ఏడాది తిరిగేసరికి తన బద్ధశత్రువు హుక్ ఎవరో, తన వెంట తిరిగిన బుల్లి దేవకన్య టింకర్ బెల్ ఎవరో కూడా గుర్తుండదు. పగా లేదు, ద్వేషమూ లేదు. ఊరికే మరిచిపోతాడు.

బేతాళుడు ఉన్నమాట ముందే చెప్పేస్తాడు: జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. చెబితే మౌనం చెడి శవం మళ్లీ చెట్టెక్కుతుంది. ఎటు తిప్పినా రాజుకే నష్టం. అయినా ఆ షరతు మధ్యలో మారదు. పైగా కథ వెంట కథ చెప్పి విసిగిస్తూనే, మోసేవాడు ఎలాంటివాడో కనిపెడుతుంటాడు. చివరి చిక్కుముడికి జవాబు దొరక్క రాజు నోరు మూసుకుని నడుస్తుంటే, ముచ్చటపడి గుట్టు విప్పుతాడు: నిన్ను పంపిన భిక్షువు నిన్నే బలివ్వబోతున్నాడు, సాష్టాంగపడమంటే ఎలాగో చేసి చూపించమను. రాజు అలాగే అన్నాడు, బతికాడు.

నా ఓటు బేతాళుడికే. భుజం మీద బరువు, ముక్కుకు కంపు భరించాలి, నిజమే. కానీ వాడికి నేనెవరో గుర్తుంటుంది. ఎనిమిదేళ్లప్పుడు అడిగి ఉంటే మాత్రం, పీటర్ కోసం కిటికీ తీసిపెట్టి పడుకునేవాణ్ణి.