పాత సౌండ్ పెట్టె కొంటున్నారా? డబ్బులిచ్చే ముందు మీ ల్యాప్‌టాప్‌కి తగిలించి చూసుకోండి

మా నాన్నగారు కోనసీమ ఊళ్లన్నీ తిరిగి హరికథలు చెప్పేవారు. నవమి పందిళ్లలో, తీర్థాల్లో ఎవరెవరో రికార్డు చేసి ఇచ్చిన క్యాసెట్లు 23 ఉన్నాయి. 96 నవంబరు తుఫానుకి వంటింటి కప్పు లేచిపోయినా ట్రంకు పెట్టెలో ఉండి బతికాయవి. ఇప్పుడు బూజు పడుతున్నాయని కంప్యూటర్లోకి ఎక్కించడానికి కూర్చున్నాను. ల్యాప్‌టాప్‌కి ఉన్నది ఒకటే కన్నం. ఇయర్‌ఫోనుకీ మైకుకీ కలిపి చేసింది కాబట్టి దానికి టేప్‌రికార్డరు తగిలిస్తే రెండు స్పీకర్ల సౌండు ఒకటైపోయి, నాన్నగారి గొంతు పగిలినట్టు వచ్చింది.

టేప్‌రికార్డరు సౌండుని రెండు స్పీకర్లదీ విడివిడిగా కంప్యూటర్లోకి పంపే యూఎస్‌బీ సౌండ్ పెట్టె (ఆడియో ఇంటర్‌ఫేస్), లైన్ ఇన్ కన్నం ఉన్నది కావాలని అమలాపురం నుంచి రాజమండ్రి వెళ్లాను. అక్కడ సెకండ్‌హ్యాండ్ షాపులో ఒకటి దొరికింది. ఇనుప బాడీ, మంచి బరువు, నాబ్‌లు గట్టిగా ఉన్నాయి. 2,800 చెప్పాడు. "విండోస్ 11లో పనిచేస్తుందా బాబూ" అని రెండుసార్లు అడిగాను. "ఆయ్, మీరేం బెంగపెట్టుకోకండమ్మా, నిక్షేపంలా పనిచేస్తాదండి" అని తన డెస్క్‌టాప్‌కి తగిలించి పాట వినిపించాడు. ఆ డెస్క్‌టాప్ స్క్రీను మూల గుండ్రటి స్టార్ట్ బటన్ ఉంది. అంటే అది విస్టానో విండోస్ 7నో, ఏదైనా పాత విండోసే. చూశాను గానీ, ఆ క్షణంలో బుర్రకి తట్టలేదు.

ఇంటికొచ్చి తగిలిస్తే డివైస్ మేనేజర్‌లో పనిచేయట్లేదని చెప్పే పసుపు త్రికోణం, అంతే. పెట్టెతో విండోస్ మాట్లాడాలంటే డ్రైవర్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ కావాలి. తయారీ కంపెనీ సైట్లో ఆఖరి డ్రైవర్ 2008ది. ఎక్స్‌పీ, విస్టా అనే పాత విండోస్‌లకి, అదీ 32-బిట్ అనే పాత రకానికి మాత్రమే. విండోస్ 11లో 32-బిట్ రకమే లేదు, అంతా 64-బిట్. పాత 32-బిట్ సాఫ్ట్‌వేర్ అయితే 64-బిట్ విండోస్‌లో చాలావరకు నడుస్తుంది, డ్రైవర్ మాత్రం ఎక్కదు. పాత విండోస్‌లో ఉన్నట్టు సాఫ్ట్‌వేర్‌ని నమ్మించే కంపాటిబిలిటీ మోడ్ పెట్టండి అని ఎవరైనా చెబితే నమ్మకండి, ఆ కిటుకు డ్రైవర్లకి పనికిరాదు. విండోస్ 7 నాటి 64-బిట్ డ్రైవర్ దొరికితే ఒక్కోసారి 11లో కూడా నడుస్తుందట. నా పెట్టెకి ఆ అదృష్టం కూడా లేదు.

ఆ తర్వాత చేసిన తెలివితక్కువ పనులు కూడా చెప్పేస్తాను. గూగుల్‌లో పెట్టె పేరు కొట్టి డ్రైవర్ అని వెతికితే పైన వచ్చిన సైటొకటి ఏదో అప్‌డేటర్ దింపింది. "మీ కంప్యూటర్లో 31 డ్రైవర్లు పాతబడ్డాయి, 1,499 కట్టండి" అని ఎర్రక్షరాల్లో చూపించింది. టెన్షన్‌లో కార్డు నంబరు సగం కొట్టాక ఆగాను. కంపెనీయే రాయని డ్రైవర్ వీడెక్కడి నుంచి తెస్తాడు? మా వీధి చివర రిపేరు కుర్రాడు విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసొలేషన్ కింద ఉండే మెమరీ ఇంటెగ్రిటీ (ప్రమాదకరమైన డ్రైవర్లని అడ్డుకునే రక్షణ) ఆపేయమన్నాడు. బ్యాంకు పని కూడా ఆ ల్యాప్‌టాప్‌లోనే చేస్తాను, ఆపనన్నాను. ఆపినా ఒరిగేదేం లేదు, 32-బిట్ డ్రైవర్ దానికి కూడా లొంగదు.

షాపుకి ఫోన్ చేస్తే "మా దగ్గర పనిచేసిందిగా అమ్మా, మీ ల్యాప్‌టాప్‌లోనే ఏదో తేడా" అన్నాడు. డబ్బు వెనక్కి ఇవ్వడట. బిల్లు అడగకపోవడం నా తప్పే.

విండోస్ 10కి ఉచిత సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగింది. ఆఫీసులు, స్టూడియోలు కొత్త మెషీన్లకి మారుతున్నాయి. వాళ్లు వదిలించుకున్న సరుకులో కొంత ఇలాంటి షాపులకే చేరుతుంది. సరుకు చెడిపోయింది కాదు, డ్రైవర్ రాసేవాడు లేక మూలపడింది. అందుకే షాపులో బ్రహ్మాండంగా పాడుతుంది.

కొనాల్సి వస్తే మీ ల్యాప్‌టాప్ పట్టుకెళ్లండి. నెట్ ఆపేసి పెట్టె తగిలించండి. ఏమీ ఎక్కించకుండానే సౌండ్ సెట్టింగ్స్‌లో పేరు కనబడితే అది క్లాస్ కంప్లయింట్ రకం, విండోస్‌లో ఉన్న డ్రైవరే దానికి చాలు. యూఎస్‌బీ ఆడియో రెండో తరం పెట్టెలకి కూడా 2017 నుంచి విండోస్ 10లోనే డ్రైవర్ ఉంది. కొన్ని పాత పెట్టెలకి ఒక చిన్న స్విచ్ ఉంటుంది. ఎడిరోల్ యూఏ-25కి అడ్వాన్స్‌డ్ మోడ్ స్విచ్ ఆఫ్ చేస్తే మామూలు డ్రైవర్‌తోనే నడుస్తుంది, కాకపోతే 16-బిట్, 44.1 కిలోహెర్ట్జ్, అంటే సీడీ నాణ్యత, దాటదు. క్యాసెట్లకి అంతకంటే ఎందుకు? డెస్క్‌టాప్‌లో గుచ్చే పాత పీసీఐ కార్డుల జోలికి మాత్రం వెళ్లకండి, కొత్త మదర్‌బోర్డుల్లో ఆ స్లాట్ దొరకడమే కష్టం.

నా పెట్టె సంగతికొస్తే, భీమవరంలో ఇంజనీరింగ్ చదివే మేనల్లుడు సంక్రాంతికి వచ్చి "పారేయకత్తా, ఉండు" అని పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు (విండోస్‌కి బదులు వాడే లినక్స్‌లో ఒక రకం) వేసుకొచ్చాడు. ల్యాప్‌టాప్‌లో ఏదీ చెరపకుండా పెన్‌డ్రైవ్ మీదే ఆన్ చేశాడు. పెట్టె దానంతటదే కనబడింది! లినక్స్‌లో డ్రైవర్లు చాలావరకు దాని గుండెకాయలాంటి కెర్నెల్‌తోనే వస్తాయట, 1998 నాటి సౌండ్ బ్లాస్టర్ లైవ్ కార్డుకి కూడా ఇంకా ఉందట. అన్ని పెట్టెలకీ ఇలా కుదరదని కూడా వాడే చెప్పాడు, నన్ను చూసి కొనేయకండి. ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఇప్పటికి తొమ్మిది క్యాసెట్లు ఎక్కించాను.

ఆ షాపువాడి వాట్సాప్ స్టేటస్ నిన్న చూశాను. అదే మోడల్ పెట్టెలు ఇంకో మూడు పెట్టాడు, కింద "విండోస్ 11 ఓకే" అని రాసి. ఈసారి రేటు 3,200.