తెల్లారేసరికి పురుగు మాయం చేసే "వేపనూనె" సీసాలతో జాగ్రత్త

నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు వైపు మిద్దె తోటలు, పెరటి తోటలు పెంచుతున్న అందరికీ ఈ హెచ్చరిక. మొక్కల బండ్ల దగ్గర, ఎగ్జిబిషన్ స్టాళ్లలో, వాట్సాప్ గ్రూపుల్లో "గానుగ వేపనూనె, పూర్తి సేంద్రియం" అని లీటరు సీసాలు అమ్ముతున్నారు. అవి మేమూ కొన్నాం. "సాయంత్రం కొట్టండమ్మా, తెల్లారేసరికి ఒక్క పురుగుంటే డబ్బులు వెనక్కిస్తా" అని చెప్పి మరీ ఇచ్చారు. అన్నట్టే తెల్లారేసరికి వంగ, బెండ మీద పురుగు లేదు. చిక్కంతా అక్కడే ఉంది.

వేప అలా పనిచేయదు. అందులోని అజాడిరక్టిన్ పురుగుని అప్పటికప్పుడు పడగొట్టే మందు కాదు. అది పడితే పురుగు ఆకు తినడం మానేస్తుంది, కుబుసం విడవలేకపోతుంది, గుడ్లు సరిగ్గా పెట్టలేదు. మూడు నాలుగు రోజుల దాకా పెద్ద తేడా కనపడదు. వారానికోసారి కొడుతూ పోతే ఉధృతి తగ్గుతుంది. అదీ పేనుబంక, తెల్లదోమ, లేత దశలో ఉన్న పురుగుల మీదే ఎక్కువ. బాగా ఎదిగిన లద్దెపురుగు కూడా కొట్టిన కొన్ని గంటల్లో గిలగిలా కొట్టుకుని రాలిపోయిందంటే, ఆ సీసాలో నరాల మీద పనిచేసే రసాయన మందు ఉందనే అనుకోవాలి.

తర్వాత తోటలో జరిగేది చూస్తే అనుమానం ఇంకా బలపడుతుంది. పేనుబంకని తినే అక్షింతల పురుగులు చచ్చి కుండీల చుట్టూ పడతాయి. బీర, సొర పాదుల దగ్గర తేనెటీగలు కనపడవు. ఆడపూలకి పుప్పొడి అందక పిందెలు పసుపుపచ్చబడి రాలిపోతాయి. పది, పదిహేను రోజులు పోయాక వంగ ఆకులు వెలవెలబోయి, తిప్పి చూస్తే సన్నని గూడు, అందులో ఎర్రనల్లి. నరాల మీద పనిచేసే రసాయనాల్లో ఒక రకమైన సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు నల్లిని పెద్దగా చంపవు, దాన్ని తినే మిత్రపురుగుల్ని మాత్రం తుడిచిపెడతాయి. అందుకే నల్లి ఒక్కసారిగా పెరుగుతుంది. అప్పుడు అమ్మినాయన దగ్గరికి వెళ్తే ఇంకో సీసా చేతిలో పెడతాడు.

సీసాని దగ్గరగా చూడండి. ముందు వైపు వేపాకు బొమ్మ, "నూటికి నూరు పాళ్లు ప్రకృతి సిద్ధం" అన్న మాట. వెనక వైపు బ్యాచ్ నంబరు లేదు, తయారీ తేదీ లేదు, గడువు తేదీ లేదు, తయారుచేసిన వాళ్ల చిరునామా లేదు. మూత తీస్తే వేపనూనెకుండే ఘాటైన వెల్లుల్లి వాసన కాదు, పెయింటు పల్చన చేసే సాల్వెంట్ వాసన.

ఇంట్లో చూసుకోవడానికి రెండు పరీక్షలున్నాయి. చేతులకి తొడుగులు వేసుకోండి, నాలుక మీద మాత్రం వేసి చూడొద్దు. మొదటిది, గ్లాసు నీళ్లలో నాలుగు చుక్కలు వేయండి. ఏమీ కలపని వేపనూనె పైన తేలుతుంది. వేయగానే నీళ్లంతా తెల్లగా కలిసిపోతే అందులో ఎమల్సిఫయర్, అంటే నూనెని నీళ్లలో కలిపే పదార్థం, ఉన్నట్టు. అది ఉండటం తప్పేమీ కాదు, రిజిస్టరైన అజాడిరక్టిన్ మందుల్లోనూ ఉంటుంది. కానీ "ఏమీ కలపలేదు" అని చెప్పి అమ్మిన సీసాలో ఉంటే ఆ మాట అబద్ధం. రెండోది, కొంచెం నూనె చిన్న గాజు సీసాలో పోసి, మూత బిగించి, ఐసు గడ్డలు వేసిన పాత గిన్నెలో గంటసేపు ఉంచండి. గానుగ నూనె నెయ్యిలా పేరుకుంటుంది. మినరల్ ఆయిల్ (పెట్రోలియం నూనె), సాల్వెంట్ ఎక్కువున్నది పల్చగానే ఉంటుంది. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు. వాడిన గ్లాసు, గిన్నె మళ్లీ వంటగదిలోకి రాకూడదు. ఈ పరీక్షలు కల్తీని పసిగట్టడానికే. లోపలున్న మందేదో తేల్చేది ల్యాబే.

కొనేటప్పుడు చూడాల్సింది లేబులే. పురుగుమందు అని అమ్మే దేనికైనా 1968 నాటి పురుగుమందుల చట్టం వర్తిస్తుంది, వేప మందుకైనా సరే. సీఐబీ (కేంద్ర పురుగుమందుల బోర్డు) రిజిస్ట్రేషన్ నంబరు, తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్, తేదీలు, మందు శాతం, విరుగుడు, విషతీవ్రత చెప్పే రంగు త్రికోణం ఉండాలి. ఎరుపు అన్నిటికన్నా ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. వేప మందైతే అజాడిరక్టిన్ 300, 1500, 10000 పీపీఎం (పది లక్షల పాళ్లలో ఎన్ని పాళ్లు) అని రాసి ఉంటుంది. 1500 పీపీఎం మందు సాధారణంగా లీటరు నీటికి 5 మి.లీ. చాలు. కొందరు "ఇది మందు కాదు సార్, టానిక్కు" అని తప్పించుకుంటారు. మొక్క ఎదుగుదలకి వాడే ఇలాంటి టానిక్కులు, అంటే బయోస్టిమ్యులెంట్లు కూడా 2021 నుంచి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి వచ్చాయి. పైగా టానిక్కు అన్నప్పుడు పురుగు చస్తుందని చెప్పి అమ్మే హక్కు వాళ్లకి లేదు.

ఇప్పటికే కొట్టేసిన వాళ్లు ఇది తప్పకుండా చదవండి. ఏ మందుకైనా కొట్టాక ఇన్ని రోజులు కోయకూడదని గడువుంటుంది. మందు పేరే తెలియనప్పుడు ఆ గడువూ తెలియదు. మోనోక్రోటోఫాస్ లాంటి తీవ్రమైన విషపు మందుని కూరగాయల మీద వాడకూడదని 2005లోనే నిషేధించారు, లేబుల్ లేని సీసాలో అలాంటిది లేదని ఎవరూ హామీ ఇవ్వలేరు. కాబట్టి మొక్కల మీదున్న తోటకూర, పాలకూర, గోంగూర, కరివేపాకు, కాయలు అన్నీ కోసి గుంట తీసి పూడ్చేయండి. ఉప్పునీళ్లలో కడిగితే పోతుందిలే అనుకోవద్దు, ఆకులోకి ఇంకిపోయే మందులు కడిగితే పోవు. గేదెలకీ మేకలకీ వేయొద్దు. ఆకుకూర మొక్కలు పీకేసి కొత్తగా విత్తుకోవడమే మంచిది. కొట్టినవాళ్లకి విపరీతంగా చెమటలు, చొంగ, వాంతులు, చూపు మసకలు ఉంటే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేసి, సీసాని కూడా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

వేప కావాలంటే మన జిల్లాల్లో కొనాల్సిన పనే తక్కువ. కనిగిరి, పొదిలి, ఉదయగిరి వైపు వేపచెట్టు లేని వీధి ఉండదు. జూన్, జూలైలో రాలిన పళ్ల గుజ్జు కడిగేసి, గింజల్ని నీడలో ఆరబెట్టి గోనెసంచిలో పెట్టుకోండి. బూజు పట్టినవి పనికిరావు. లీటరు కషాయానికి ఆ గింజల లోపలి పప్పు 50 గ్రాములు కావాలి. రవ్వలా దంచి, గుడ్డలో మూటగట్టి, అర లీటరు నీళ్లలో రాత్రంతా ఉంచి, పొద్దున మూటని బాగా పిండి, వడకట్టి లీటరుకి పెంచండి. ఆ రోజే వాడేయాలి. ఎండకి అజాడిరక్టిన్ చెడిపోతుంది కాబట్టి పొద్దు వాలాక, ఆకు కింది వైపు తడిసేలా కొట్టండి.

నూనే వాడేవాళ్లు లీటరుకి 5 మి.లీ. దాటొద్దు. ముందు నూనెని కుంకుడు రసంలో బాగా గిలకొట్టి, తర్వాత కొద్దికొద్దిగా నీళ్లు కలపాలి. సబ్బు నురగ రాని బోరు నీళ్లున్న ఊళ్లలో కుంకుడు బదులు సబ్బు వాడితే అది విరిగిపోయి నూనె పైకి తేలుతుంది, ఆ నూనె పడ్డచోటల్లా ఆకు మాడుతుంది. కుంకుడు రసానికి ఆ ఇబ్బంది లేదు. రోహిణీ కార్తె ఎండల్లో నూనె అసలు కొట్టకండి. వంగ కాయలోకి దూరిన పురుగుని ఏ వేపా ఏమీ చేయలేదు, తల వాలిన కొమ్మని రెండంగుళాలు కిందికి తుంచి నాశనం చేయాల్సిందే. బెండలో ఈనెలు పసుపెక్కితే అది తెల్లదోమ మోసే వైరస్. మొక్క పీకేయండి.

వేపపిండి విడిగా కొనేటప్పుడు కూడా గుప్పెడు గ్లాసు నీళ్లలో వేసి చూడండి. అడుగున గరగరలాడే ఇసుక పేరుకుంటే, పైన రంపపుపొట్టు తేలితే వద్దు.

సీసా మీ దగ్గరుంటే కాలవలో పారబోయకండి, చేపలు చస్తాయి. తెరవనిది ఉంటే సీలు తీయకుండా, బిల్లుతో, అమ్మిన చోటు ఫోటోతో మీ మండల వ్యవసాయ అధికారికి లిఖితపూర్వకంగా ఇవ్వండి. శాంపిల్ తీసి ల్యాబుకి పంపే అధికారం పురుగుమందుల ఇన్‌స్పెక్టర్‌గా ఆయనకుంటుంది. మీరు తెరిచిన సీసా కంటే దుకాణంలో ఆయనే తీసిన శాంపిల్‌కే కేసులో విలువ ఎక్కువ, అందుకే అమ్మిన చోటు కచ్చితంగా చెప్పండి. డబ్బు వాపసు కోసం వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. బిల్లు మీద "ఆర్గానిక్ ఐటమ్" అని మాత్రమే రాసిస్తే ఒప్పుకోకుండా, మందు పేరు, బ్యాచ్ నంబరు రాయమనండి. రాయనంటే కొనకుండా వచ్చేయండి.