9900 అని రాసి ఉన్న టార్చి బ్యాటరీలు కొనకండి

టార్చికో చేతి ఫ్యానుకో వేసే గుండ్రటి లిథియం సెల్స్, అంటే 18650 రకం, కొనబోతున్న విశాఖవాసులకు ఒక మాట. పైచుట్టు మీద 9900 ఎంఏహెచ్ (మిల్లీఆంపియర్-అవర్, అంటే సెల్‌లో ఎంత చార్జి పడుతుందో చెప్పే కొలత) అని కనిపిస్తే బేరం కూడా ఆడకుండా వెనక్కి వచ్చేయండి. 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉన్న ఆ గొట్టంలో అంత సామర్థ్యం పట్టదు. పేరున్న కంపెనీల మంచి సరుకులో మామూలుగా దొరికేది 2500 నుంచి 3500 వరకే. శామ్‌సంగ్ 30క్యూ అనే సెల్ మీద ఉండే అంకె 3000. దానికి మూడింతలు ఇస్తామనేవాడు బ్యాటరీ అమ్మడం లేదు, అచ్చు వేసిన కాగితం అమ్ముతున్నాడు.

2014లో హుద్‌హుద్ నగరాన్ని చీకట్లో ముంచినప్పటి నుంచి, తుపానుల రోజులు రాకముందే టార్చికి బ్యాటరీలు సిద్ధం చేసుకోవడం మా ఇంట్లో అలవాటు. ఈసారి నగరం నడిబొడ్డున ఒక దుకాణంలో సెల్స్ జత తీసుకుంటే, ‘ఉచితం’ అంటూ ఒక చార్జరు కూడా చేతిలో పెట్టారు. మా టార్చి ఒక ఆంపియరు కరెంటు తీసుకుంటుంది. 9900 నిజమైతే దాదాపు పది గంటలు వెలగాలి. గంట కూడా నిండకముందే వెలుగు నీరసించి ఆరిపోయింది.

మా వీధి చివర కంసాలి కాటాలో ఒక సెల్ వేయించాను. 31 గ్రాములు! అసలైనది 45 గ్రాములకు కాస్త అటూ ఇటూగా తూగుతుంది. ఇలాంటి నకిలీల్లో చిన్న సెల్ ఒకటి దూర్చి, మిగిలిన ఖాళీని ఏదో పొడితో నింపేస్తారు. నిజమో కాదో కోసి చూద్దామనే సరదా మాత్రం వద్దు, మంటలు లేస్తాయి. డాబా గార్డెన్స్‌లో టార్చిలు బాగుచేసే కుర్రవాడు తన దగ్గరున్న చార్జరులో పెట్టి సామర్థ్యం కొలిచాడు. తేలింది 780.

జతలో రెండోదాని కథ వేరు. బరువు బాగానే ఉంది. కుర్రవాడు దాన్ని తిరగేసి అడుగుభాగం చూపించాడు. మెరిసే రేకు మీద సూదితో పొడిచినట్టు రెండు చిన్న మచ్చలు, వాటి చుట్టూ గీరిన గుర్తులు. నీలం చుట్టు అంచు కింద నుంచి పాత ఆకుపచ్చ చుట్టు తొంగి చూస్తోంది. “ఇది పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలోంచి ఊడదీసింది అంకుల్. ఇవి రేకు వెల్డింగ్ చేసిన మచ్చలు” అన్నాడు. ఒకదాని వెనుక ఒకటి వేసే టార్చిలో ఇలా పొంతన లేని జతను వాడితే బలహీనమైనది ముందే ఖాళీ అవుతుంది. రెండోది దానిలోంచి కరెంటును ఇంకా తోస్తూనే ఉంటుంది. వేడెక్కి పాడయ్యేది అక్కడే. కొత్తదీ పాతదీ కలపవద్దని చెప్పేది కూడా ఇందుకే.

ఇంతవరకు పోయింది డబ్బే. ఆ ఉచిత చార్జరు మాత్రం ఇల్లు తగలబెట్టే రకం. లిథియం సెల్‌ను 4.2 వోల్టులు దాటనివ్వకూడదు. సరైన చార్జరు ఆ మెట్టు దగ్గర వోల్టేజీని నిలిపి, కరెంటును క్రమంగా తగ్గించి ఆపేస్తుంది. ఇది పచ్చ దీపం వెలిగించి కూడా పని ఆపలేదు. మీటరు పెడితే 4.37 చూపించింది. ఆలోగా తేలిక సెల్ చేయి పెట్టలేనంత వేడెక్కింది. నీలం చుట్టు ముడతలు పడింది, తియ్యటి మందు వాసన మొదలైంది. ప్లగ్గు పీకాక మా ఆవిడ పట్టకారుతో దాన్ని తీసి మేడ మీది ఇసుక తొట్టిలో వేసింది. బుస శబ్దం గానీ పొగ గానీ అప్పటికే మొదలై ఉంటే దగ్గరికి వెళ్లేవాళ్లమే కాదు. అలాంటప్పుడు మెయిన్ ఆపేసి, అందరూ బయటికి వచ్చి 101కి ఫోను చేయాలి.

ఇప్పుడు మేము చార్జింగ్ పెట్టేది వంటింటి గచ్చు మీద, మనిషి కళ్లెదుట. రాత్రి పెట్టి పడుకోవడం లేదు. మామూలు సెల్‌కు ఒక ఆంపియరు చాలు, తొందరపడి ఎక్కువ ఎక్కించనక్కర్లేదు. నెలల తరబడి మూలనపడి 2.5 వోల్టుల కంటే దిగిపోయినదాన్ని బతికించే ప్రయత్నం వద్దు. మరీ దిగిపోతే లోపలి రాగి కరిగి, మళ్లీ చార్జి చేసేటప్పుడు షార్టుకు దారితీయవచ్చు. పైచుట్టు చిరిగినదాన్నీ పక్కన పెట్టాలి. పైనున్న చిన్న బిళ్ల తప్ప సెల్ ఒళ్లంతా మైనస్సే. రెంటినీ వేరు చేసేది సన్నటి ఉంగరం లాంటి అడ్డు మాత్రమే. జేబులో తాళంచెవో రూపాయి బిళ్లో తగిలితే చాలు. పైసా విలువ చేయని ప్లాస్టిక్ పెట్టెలో పెట్టుకుంటే ఆ భయం ఉండదు, మన ఉప్పుగాలికి కొనలు తుప్పు పట్టడమూ తగ్గుతుంది.

ఇవే సెల్స్‌ను ఈ-సిగరెట్లకని గుట్టుగా అంటగట్టేవారూ ఉన్నారు. 2019 చట్టం ప్రకారం మన దేశంలో ఆ పరికరాల అమ్మకమే నేరం. గుట్టు వ్యాపారంలో బిల్లు ఉండదు, జవాబు చెప్పేవాడూ ఉండడు. చుట్టు మీద 30, 40 ఆంపియర్లు అని వేసేదీ ఇలాంటి సరుకు మీదే. పైన చెప్పిన శామ్‌సంగ్ సెల్ ఆగకుండా ఇవ్వగల కరెంటుకు కంపెనీ చెప్పే హద్దు 15 ఆంపియర్లు.

కొనేటప్పుడు బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) గుర్తు, ఇలాంటి బ్యాటరీల భద్రతా ప్రమాణమైన ఐఎస్ 16046 అన్న అంకె, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయేమో చూడండి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీదో తెలుస్తుంది. బిల్లు తప్పక అడగండి. నేను వెనక్కి తీసుకెళ్తే దుకాణదారు “విప్పిన సరుకు మార్చము సార్” అని ముఖం తిప్పుకున్నాడు. బిల్లు ఉంది కాబట్టి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేయించాను. పాడైన సెల్స్ కొనలకు టేపు అంటించి విడిగా ఉంచాను, చెత్త బండిలో వేస్తే అక్కడ అంటుకుంటాయి. నగరంలో వీటిని తీసుకునే చోటు, బిల్లు ఇచ్చి అసలు సెల్స్ అమ్మే దుకాణం తెలిసినవారు కింద రాయండి.