కింగ్స్ ఆఫ్ వార్: అస్థిపంజరాల సైన్యంతో ఆడి చూశాక

కింగ్స్ ఆఫ్ వార్‌కి నేను 10కి 8 మార్కులు వేస్తాను. మిగతా రెండూ ఎక్కడ తగ్గించానో కింద చెప్తాను. ముందు ఈ ఆట సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. బల్ల మీద అంగుళం పైచిలుకు ఎత్తుండే సైనికుల బొమ్మలు పేర్చి, టేపుతో కొలుస్తూ నడిపి, పాచికలు వేసి యుద్ధం చేస్తాం. మరుగుజ్జులు, ఎల్ఫ్‌లు, ఓర్క్‌లు, సమాధుల్లోంచి లేచొచ్చిన శవాలు, ఇలా ఎవరి సైన్యం వాళ్లది. ఆట నాటింగ్‌హామ్‌లోని మాంటిక్ గేమ్స్ వాళ్లది. మేముండే లెస్టర్ నుంచి అదేమంత దూరం కాదు. ఈ బొమ్మల యుద్ధాల వ్యాపారానికి ఆ ఊరే రాజధాని, వార్‌హామర్ చేసే గేమ్స్ వర్క్‌షాప్ కూడా అక్కడే ఉంది.

మా క్లబ్బులో సగం మంది ఒకప్పటి వార్‌హామర్ వాళ్లే. 2015లో పాత వార్‌హామర్ ఫాంటసీని ఆపేసి దాని స్థానంలో ఏజ్ ఆఫ్ సిగ్మార్ తెచ్చారు. వరసల్లో నిలబడే చదరపు బేసుల (బేసు అంటే బొమ్మ కాళ్ల కింది పలక) సైన్యాలు పోయి, విడివిడిగా తిరిగే గుండ్రటి బేసులొచ్చాయి. అటకల మీద చదరపు బేసుల సైన్యాలు మిగిలిపోయినవాళ్లు చాలామంది కింగ్స్ ఆఫ్ వార్‌లోకి వచ్చేశారు. ఇందులో ఏ కంపెనీ బొమ్మలైనా సరే, బేసు కొలత కుదిరితే చాలు. 2024లో 'ది ఓల్డ్ వరల్డ్' పేరుతో పాత ఆట మళ్లీ వచ్చినా, మావాళ్లలో కొందరు వెనక్కి వెళ్లలేదు. ఎందుకని అడిగితే అందరూ ఒకే మాట చెప్పారు: "ఇది రెండు గంటల్లో అయిపోతుంది."

నాకు పడింది కూడా ఆ మాటే. హాస్పిటల్ ఫార్మసీలో ఉద్యోగం, నైట్ డ్యూటీలు, ఇంట్లో ఇద్దరు పిల్లలు. ఆదివారం సాయంత్రం మూడు గంటలు దొరికితే అదే పండగ. నాలుగైదు గంటలు కూర్చోబెట్టే ఆటలు నా వల్ల కావు.

సైన్యం అన్‌డెడ్, అంటే ఆ లేచొచ్చిన శవాలది, తీసుకున్నాను. కారణం ఘనమైనదేం కాదు, ఎముకలకి రంగు వేయడం సులువు. బొమ్మలు మాత్రం సెకండ్ హ్యాండ్. ఆన్‌లైన్‌లో ఒకాయన అటక ఖాళీ చేస్తూ అమ్మేస్తుంటే పెట్టెతో సహా కొన్నాను. సగం ఇంకా స్ప్రూలోనే ఉన్నాయి, అంటే ప్లాస్టిక్ చట్రం నుంచి విడదీయనివి. మిగతా సగం ఆయన ఎప్పుడో అతికించి వదిలేసినవి. ఫొటోల్లో అంతా కళకళలాడింది. పెట్టె తెరిస్తే బల్లేల మొనలు విరిగి ఉన్నాయి, కాళ్లు లేనివి చాలా, ఒక సంచీ నిండా ఉత్త పుర్రెలు. అడిగితే సమాధానం లేదు. అన్‌డెడ్ కాబట్టి సరిపోయింది గానీ, అదే ఎల్ఫ్‌ల సైన్యమైతే డబ్బు నీళ్లలో పోసినట్టే. కాళ్లు లేనివాటిని నడుము దాకా మట్టిలో దించేశాను. నేలలోంచి అప్పుడే పైకి లేస్తున్నట్టు, నిలబడ్డవాటికన్నా అవే బాగున్నాయి.

అలా దించగలిగానంటే ఆట రూల్స్ పుణ్యమే. ఇక్కడ ఒక్కో బొమ్మకీ ఒక్కో బేసు అక్కర్లేదు. 20 మంది కాలిబంటుల రెజిమెంటుకి 100 మి.మీ. వెడల్పు, 80 మి.మీ. లోతు ఉన్న పలక ఒకటి చాలు. హోర్డ్ అనే 40 మంది పెద్ద దళానికి 200 బై 80. ఆ పలక మీద బొమ్మలన్నీ శాశ్వతంగా అతికించేయొచ్చు. లెక్క నిండా పెట్టాలని కూడా లేదు, సగానికి పైగా ఉంటే ఒప్పుకుంటారు. ఖాళీ జాగాలో రాళ్లు, సమాధులు, ఏమైనా పెట్టుకోవచ్చు. నా జాంబీల హోర్డ్ మధ్యలో ఒక విరిగిన బండి, దాని కింద కూలిన గోడ ఉన్నాయి. ఆ బండి వల్ల ఎనిమిది జాంబీలకి రంగు వేసే పని తప్పింది.

మొదటిసారి అతికించేవాళ్లకి ఒక మాట. ప్లాస్టిక్ బొమ్మలకి ప్లాస్టిక్ గ్లూనే వాడండి. అది రెండు ముక్కల్నీ కాస్త కరిగించి ఒకటి చేస్తుంది, కిందపడినా ఊడదు. రెజిన్, లోహం బొమ్మలకి అది పనికిరాదు, సూపర్ గ్లూ కావాలి. రెండింటికీ కిటికీ తెరిచిపెట్టుకోండి. రంగు విషయానికొస్తే, ఆర్మీ పెయింటర్ వాళ్ల స్కెలిటన్ బోన్ స్ప్రే కొట్టి, ఆరాక స్ట్రాంగ్ టోన్ వాష్ పూశాను. పల్చటి ఆ గోధుమరంగు పక్కటెముకల సందుల్లోకి దానంతట అదే దిగి నీడలు పెట్టేస్తుంది. తరవాత కత్తులకి వెండి, కర్రలకి బ్రౌన్, అంతే. స్ప్రే కొట్టడానికి మాత్రం పొడి రోజు దొరకాలి. చలిలో, తేమలో కొడితే రంగు పొడిపొడిగా, గరుగ్గా దిగుతుంది. ఇంగ్లండ్ శీతాకాలంలో పొడి రోజు కోసం ఎంత ఎదురుచూడాలో ఇక్కడుండేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

డాళ్లకి ఏం వేయాలో తోచక సన్న బ్రష్షుతో నాలుగు చుక్కల మెలిక ముగ్గు వేశాను. ఒక రెజిమెంటంతా ముగ్గులే. వీడియో కాల్‌లో చూపిస్తే తెనాలి నుంచి మా అమ్మ, "ఏంటే అవి, ఇంట్లో పుర్రెలు పెట్టుకుంటారా ఎవరైనా? పైగా వాటికి ముగ్గులా!" అని ఫోను నాన్నకి ఇచ్చేసింది. నాన్న మాత్రం శ్రద్ధగా చూసి, ఎడమవైపు మూడో వాడి ముగ్గు కలవలేదన్నారు. నిజమే, కలవలేదు.

ఇక ఆట. దీన్ని మొదట రాసింది అలెసియో కవటోర్, గేమ్స్ వర్క్‌షాప్‌లో చాలా ఏళ్లు పనిచేసిన ఇటలీ ఆయన. నా దగ్గరున్నది 2019లో వచ్చిన మూడో ఎడిషన్. అసలు కిటుకంతా ఒక్కటే: రెజిమెంట్ అంటే విడివిడి సైనికులు కాదు, ఒకే ముక్క. దెబ్బలు తగిలితే బొమ్మలు ఒక్కొక్కటీ తీసేయడం ఉండదు. దెబ్బల లెక్క పక్కన పాచికతో గుర్తు పెట్టుకుంటాం. కొట్లాట అయ్యాక కొట్టినవాళ్లు రెండు పాచికలు వేసి, వచ్చిన అంకెకి అప్పటిదాకా ఉన్న దెబ్బలు కలుపుతారు. అవతలి రెజిమెంటుకి రాసి ఉన్న 'నెర్వ్' అంకెకి అది చేరిందా, రెజిమెంట్ మొత్తం బల్ల మీంచి లేచిపోతుంది. అంతకన్నా చిన్న అంకె ఇంకొకటుంటుంది. అక్కడిదాకా వస్తే బెదిరిపోయి ఒక టర్న్ తటపటాయిస్తుంది. చచ్చినవాళ్లకి మళ్లీ భయమేంటి, అందుకని అన్‌డెడ్‌లో చాలా దళాలకి ఆ చిన్న అంకె ఉండాల్సిన చోట ఉత్త గీత ఉంటుంది. నిలబడితే నిలబడతాయి, లేకపోతే మొత్తం పోతాయి, మధ్యలో బెదరడం లేదు. రూల్స్‌లో ఇలాంటి పొదుపైన తమాషాలు చాలా ఉన్నాయి.

రెండో సంగతి, ఎవరి టర్న్‌లో వాళ్లే పాచికలు వేస్తారు. నువ్వు కొట్టు, నేను కాచుకుంటాను అని మధ్యలో చేతులు మారవు. అందుకే చదరంగం గడియారం పెట్టుకుని ఆడొచ్చు. మేం చెరో గంట పెట్టుకున్నాం.

నా ఎదుటి మనిషి రిటైరైన బస్సు డ్రైవరు, డ్వార్ఫ్‌ (మరుగుజ్జుల) సైన్యం ఆయనది. 1000 పాయింట్లు, 4 అడుగుల చదరపు బల్ల, 'ఇన్వేడ్' అనే సినారియో: చివరికి ఎవరి బలం అవతలి సగంలో ఎక్కువుంటే వాళ్లు గెలిచినట్టు. నాకది అన్యాయంగానే అనిపించింది. నా ఎముకలకీ జాంబీలకీ 'షాంబ్లింగ్' అనే గుణముంది, అంటే పరుగు ఆర్డర్ చెల్లదు. శత్రువు మీద పడేటప్పుడు తప్ప టర్న్‌కి 5 అంగుళాలే. పొట్టికాళ్ల డ్వార్ఫ్‌ల నడక 4 అంగుళాలే అయినా, వాళ్లు తిన్నగా రెట్టింపు దూరం పరిగెత్తగలరు. నా గూల్స్ (శవాలు పీక్కుతినేవి) ఒక్కటే ఆ బాపతు కాదు, వాటికి కాళ్లు బాగా ఆడతాయి.

ఈ నత్తనడకకి విరుగుడు నెక్రోమాన్సర్, అంటే శవాల్ని లేపే మాంత్రికుడు, వేసే మంత్రం 'సర్జ్'. పాచికలు వేసి, వాటిలో ఎన్నిటి మీద 4 లేదా ఆ పైన పడితే అన్ని అంగుళాలు ఒక షాంబ్లింగ్ దళం తిన్నగా ముందుకు జరుగుతుంది. శత్రువుని తాకితే దాడి చేసినట్టే లెక్క. అంటే నడిచే దశలో మామూలుగా నడిచి, శత్రువు పక్కకి ఎదురుగా కొద్ది దూరంలో ఆగి నిలబడతాం. తరవాత మంత్రంతో ఆ పక్కలోకి గుద్దేస్తాం. పక్క నుంచి కొడితే దాడులు రెట్టింపు, వెనక నుంచైతే మూడింతలు. ఆట మొత్తంలో నాకు ఇంతకన్నా నచ్చింది లేదు. ఎదుటివాడికి కనిపిస్తూనే ఉంటుంది, వచ్చే దూరం మాత్రం తెలియదు. నాకూ తెలియదు.

మూడో టర్న్‌లో అదే చేశాను. ఆయన ఐరన్‌క్లాడ్ (కవచాల డ్వార్ఫ్‌ల) రెజిమెంట్ ఒకటి ముందు గూల్స్‌తో కొట్లాడుతోంది, అప్పటికే ఒళ్లంతా దెబ్బలు. దాని ఎడమ పక్కన నా రెవెనంట్లని (కవచాల అస్థిపంజరాల్ని) నిలబెట్టి సర్జ్ వేశాను. కావలసినంత పడింది. మామూలుగా 12 పాచికలు వేసే రెజిమెంట్ 24 వేసింది. నెర్వ్ పరీక్షలో అంకె దాటింది కూడా, నేను ఆ పలక ఎత్తేయడానికి చెయ్యి చాపాను. అప్పుడాయన చల్లగా టీ తాగుతూ, జెండా పట్టుకుని నిలబడ్డ చిన్న బొమ్మని వేలితో చూపించారు. 'ఇన్‌స్పైరింగ్': అలాంటి హీరో 6 అంగుళాల లోపు ఉంటే, దళం విరిగిపోయే ఫలితం వచ్చినప్పుడు మళ్లీ వేయాలి. మళ్లీ వేశాను. 3 పడింది. ఐరన్‌క్లాడ్ అక్కడే నిలబడింది. అప్పటిదాకా బల్ల మీద ఆ జెండావాడిని నేనొక అలంకారం అనుకున్నాను.

అవతల ఆయన ఐరన్‌బెల్చర్ ఫిరంగి నా జాంబీల్ని ఆట మొదలైన దగ్గర్నుంచీ దంచుతూనే ఉంది. బండితో సహా హోర్డ్ మొత్తం ఒక్క దెబ్బకి బల్ల మీంచి లేచిపోయినప్పుడు, ఎన్ని రాత్రులు రంగు వేశానో గుర్తొచ్చి కడుపు తరుక్కుపోయింది. ఆరో టర్న్ చివర పాచిక వేస్తారు, 4 లేదా పైన పడితే ఇంకో టర్న్. ఆరు దగ్గర ఆగితే ఇద్దరం సమానం. 5 పడింది. ఏడో టర్న్‌లో ఆయన బ్రాక్ రైడర్లు, అంటే పెద్ద పెద్ద బ్యాడ్జర్ల మీద స్వారీ చేసే డ్వార్ఫ్‌లు, నా సగంలోకి దూసుకొచ్చారు. ఓడిపోయాను. గడియారంలో నాకింకా ఎనిమిది నిమిషాలున్నాయి.

ఇక తగ్గించిన మార్కుల సంగతి. ఒకటి, ఎదుటివాళ్ల టర్న్‌లో మనకి దాదాపు పనేమీ ఉండదు. మన మనుషుల్ని కొడుతుంటే చూస్తూ కూర్చోవాలి, కాచుకునే పాచిక కూడా మనది కాదు. వేగానికి కట్టే మూల్యం అది, ఒప్పుకుంటాను. కానీ కొత్తవాళ్లకి మొదటి టర్న్‌ల్లో చప్పగా ఉంటుంది. రెండు, దెబ్బలు కంటికి కనిపించవు. చావుబతుకుల్లో ఉన్న రెజిమెంటూ, దెబ్బే తగలని రెజిమెంటూ ఒకేలా నిండుగా నిలబడి ఉంటాయి, పక్కనున్న పాచిక చూస్తే తప్ప తేడా తెలియదు. ఒక్కొక్క బొమ్మా పడిపోతూ వరస పల్చబడటంలో ఉండే ఆ నాటకం ఇక్కడ లేదు. పన్నితోర్ అని ఈ ఆటకో లోకం, దానికో చరిత్ర ఉన్నాయి గానీ, పుస్తకంలో ఆ పేజీలు నేను తిప్పేశాను.

కొనాలనుకునేవాళ్లకి: రూల్స్, అన్‌డెడ్, డ్వార్ఫ్‌ జాబితాలు అన్నీ నా దగ్గరున్న ఆ మూడో ఎడిషన్ పుస్తకం ఒక్కదాంట్లోనే ఉన్నాయి. 'క్లాష్ ఆఫ్ కింగ్స్' పేరుతో అప్పుడప్పుడూ వచ్చే పుస్తకాల్లో పాయింట్లు, రూల్స్ సవరిస్తుంటారు. టోర్నమెంట్లకి వెళ్లేవాళ్లు అవి చూసుకోవాలి, ఇంట్లో ఆడుకునేవాళ్లకి అక్కర్లేదు. ముందు పలకల కొలతకి అట్టముక్కలు కత్తిరించి, పేర్లు రాసి ఒక ఆట ఆడి చూడండి, తరవాతే బొమ్మల మీద డబ్బు పెట్టండి. ఈ ఆటలో అట్టముక్కతో ఆడినా రూల్స్‌లో ఏమీ తగ్గదు. మొదటి సైన్యంగా అన్‌డెడ్ రంగుకి తేలిక, ఆటకి కాదు. సర్జ్ దూరాలు కంటికి అలవాటు కావాలి.

నాకిప్పుడు వేగం కావాలి. ఫిరంగికి జవాబుగా బేల్‌ఫైర్ కాటపుల్ట్ అనే విసురు యంత్రం కొనాలా, రెవెనంట్ గుర్రపు దళం కొనాలా అన్నది జీతం పడ్డాక తేలుస్తాను. మా ఆయన ఓటు గుర్రాలకే. ఈసారైనా కాళ్లున్నాయో లేదో చూసి కొనమంటున్నాడు.